కొట్లాటకు సరిపడా ఇంగ్లీషు

పెద్దమ్మ పోయిందన్న కబురు నాకు కంపెనీ బస్సులో తెలిసింది. బస్సు కంది ఊరు దాటుతుండగా ఆమె కొడుకు ఫోన్ చేశాడు. రాత్రి మంచిగా తిని పడుకుందట, పొద్దున లేపితే లేవలేదట. "దినాలకు రావాలె అక్కా. అమ్మ నిన్ను మస్తు యాది చేస్తుండె" అన్నాడు. వస్తానని చెప్పి ఫోన్ పెట్టేసి పక్క సీటు వైపు చూశాను. పెద్దమ్మ రిటైరయ్యాక ఆ సీట్లో ఒక కొత్త అమ్మాయి కూర్చుంటోంది. చెవుల్లో ఇయర్‌ఫోన్లు పెట్టుకుని కళ్లు మూసుకుంటే మళ్లీ పటాన్‌చెరులోనే తెరుస్తుంది. ఒకప్పుడు నేనూ ఆ బస్సులో అట్లాగే నిద్రపోదామనుకున్నదాన్ని. పెద్దమ్మ నా పక్కన కూర్చున్నన్నాళ్లూ ఆ ఆశ తీరలేదు.

మాకు చుట్టరికమేమీ లేదు. ఆమెది ఇస్మాయిల్‌ఖాన్‌పేట, మాది సంగారెడ్డి. పటాన్‌చెరులోని ఒక మందుల కంపెనీలో నేను ల్యాబులో, ఆమె ముడిసరుకు స్టోరులో. బస్సులో అందరూ ఆమెను పెద్దమ్మ అనేవాళ్లు, ఆమె కంటే పెద్దవాళ్లు కూడా. పొలం ఉంది, ఇల్లుంది, కూర్చుని తినొచ్చు. కానీ ఇంట్లో కూర్చుంటే మనుషులు కనబడరని స్టోరులో చేరింది. ఒక బుగ్గలో ఎప్పుడూ వక్క ఉండేది. కంపెనీ లోపల నోట్లో ఏదీ ఉండకూడదు కాబట్టి పటాన్‌చెరుకు ముందొచ్చే ముత్తంగి చేరేలోపు ఆ వక్క అయిపోవాలి. కాలేదంటే ఆ రోజు బస్సు తొందరగా నడిపాడని డ్రైవర్ మీద కోపం.

ఆ రోజుల్లో నేను ఇంగ్లీషు పెంచుకునే పనిలో ఉన్నాను. భాష మెరుగుపడితే ఆఫీసరు పోస్టు ఇప్పిస్తామని మా మేనేజరు ఆశపెట్టాడు. ఫోన్‌లో ఒక యాప్ వేసుకున్నాను. పొద్దున్నే ఒక కఠినమైన మాట పంపేది, దాని అర్థం, వాడే పద్ధతి చెప్పేది. నేను కిటికీ వైపు తిరిగి ఆ మాటను లోలోపల వల్లెవేసేదాన్ని. మధ్యాహ్నం క్యాంటీన్‌లో పప్పు వడ్డించేసరికి సగం మర్చిపోయేదాన్ని, అది వేరే సంగతి.

"ఏంది బిడ్డా, పొద్దుపొద్దున జపం షురూ చేసినవ్?" అంది ఒకరోజు పెద్దమ్మ.

"జపం కాదు పెద్దమ్మా. ఇంగ్లీష్ మాటలు. దినాం ఒకటి నేర్చుకుంటున్న."

"నాకు గూడ ఒకటియ్యి."

వక్కపలుకు అడిగినట్టే అడిగింది. నవ్వొచ్చింది. "ఏం చేస్కుంటవ్?" అన్నాను.

"కోడలితోని కొట్లాడాలె" అంది ఆమె చాలా మామూలుగా, కొంగు సర్దుకుంటూ.

ఆమె కొడుకు హైదరాబాద్‌లో ఉద్యోగం చేస్తూ తనతో పనిచేసే కేరళ అమ్మాయిని పెళ్లి చేసుకున్నాడు. పెద్దమ్మ అడ్డం చెప్పలేదు. దగ్గరుండి ఘనంగా చేయించింది. చిక్కల్లా భాషతోనే వచ్చింది. ఆ పిల్లకు తెలుగు రాదు, హిందీ అంతంత మాత్రం. మలయాళమూ ఇంగ్లీషే ఆమె మాటలు. ఆదివారం ఆదివారం మొగుడితో ఇస్మాయిల్‌ఖాన్‌పేట వచ్చి, సాయంత్రం దాకా ఉండి, తిరిగిపోయేది.

"వచ్చి కుర్సీల కూసుంటది. నేను ఎదురుంగ కూసుంట. నా మొగం జూసి ఆమె నవ్వుతది, ఆమె మొగం జూసి నేను నవ్వుత. ఎన్ని దినాలు నవ్వాలె బిడ్డా? దవడలు నొస్తున్నయ్" అంది పెద్దమ్మ. "నీళ్లిస్తే థాంక్యూ అంటది. అన్నం పెడ్తే థాంక్యూ అంటది. మనింట్ల ఎవలన్న థాంక్యూ చెప్తరా? చుట్టాలు చెప్తరు."

"నీ కొడుకున్నడు గదా, మధ్యల చెప్తడు" అన్నాను.

పెద్దమ్మ దానికి ఒక సంగతి చెప్పింది. అంతకుముందు ఆదివారం కోడలు తల ఆరబెట్టుకోకుండా తడి జుట్టుతో కారెక్కుతోందట. పెద్దమ్మకు మండిపోయింది. తడితలతో గాలిలో తిరిగితే ఏమవుతుందో, తన ఆడబిడ్డకు ఏమైందో, ఈ కాలం పిల్లలు ఎందుకు వినరో, వాకిట్లో నిలబడి చాలాసేపు చెప్పింది. కొడుకు అంతా విని పెళ్లాంతో నాలుగు ముక్కలన్నాడు. ఆ పిల్ల చేతులు జోడించి, నవ్వి, థాంక్యూ ఆంటీ అంది.

"నేను గంతసేపు తిడితే వాడు ఏమని చెప్పిండో ఎర్కనా? అమ్మ జాగ్రత్తగ పొమ్మంటున్నది అని చెప్పిండట. నా తిట్లన్నీ వాడే మింగిండు. గీ మధ్యవర్తి నాకొద్దు."

సరే అయితే చిన్న మాటలతో మొదలుపెడదామన్నాను. కమ్, సిట్, ఈట్. పెద్దమ్మ నా వైపు జాలిగా చూసింది. "అవి నాకొస్తయ్. పెద్ద పెద్ద ఇండ్లల్ల కుక్కలను గూడ గట్లనే పిలుస్తరు. కొట్లాటకు అక్కరొచ్చే మాటలియ్యి" అంది. ఆలోచిస్తే ఆమె అన్నదే నిజం. రా, కూర్చో, తిను అనే మాటలతో ఎవరితోనైనా మర్యాదగా ఉండొచ్చు గానీ పోట్లాడలేం. మొండితనం, నిర్లక్ష్యం, ఎకసెక్కం, గొణుగుడు, వీటన్నిటికీ విడివిడిగా మాటలుంటేనే కొట్లాట నడుస్తుంది. ఈ సంగతి నాకు బాగా తెలుసు, ఎందుకంటే మా ఇంట్లో అది రోజూ నడిచేది. మా అత్త నోరు మా వాడకట్టు మొత్తానికి తెలుసు. నేనేమీ తీసిపోయేదాన్ని కాదు. ఆ బస్సు ఎక్కేదే కాసేపు ఆ గొంతు వినబడకుండా ఉంటుందని. పెద్దమ్మ మాత్రం నన్ను చూసి కుళ్లుకునేది. "నీకేంది తల్లీ, నీ అత్త తెలుగుల తిడ్తది. అదృష్టమంతురాలివి" అనేది. ఆ అదృష్టాన్ని కొన్నాళ్లు అరువిస్తానంటే ఒప్పుకునేది కాదు.

అట్లా మొదలైంది. కొత్త మాట చెప్పగానే నోట్లోని వక్కను రెండో బుగ్గకు మార్చేది. ఖాళీ అయిన బుగ్గతో మాటను మెల్లగా పలికి చూసేది. తర్వాత అడిగే ప్రశ్న ఎప్పుడూ ఒకటే. "దీనితోని తిట్టొచ్చా?"

ఇక్కడ మా కంపెనీ పద్ధతి కొంచెం చెప్పాలి. బయటి నుంచి వచ్చిన ఏ సరుకునూ నేరుగా వాడటానికి వీల్లేదు. రాగానే పసుపు లేబుల్ అంటించి విడిగా పెడతారు. దాన్ని ఎవరూ కదపకూడదు. మేం ల్యాబు నుంచి వెళ్లి, సంచి విప్పి, కొంచెం తీసుకొచ్చి పరీక్ష చేస్తాం. బాగుందని తేలితే ఆకుపచ్చ లేబుల్ పడుతుంది, లేదంటే ఎరుపు. స్టోరులో ఆ లేబుళ్లు అంటించేది పెద్దమ్మే. అంటించాక బొటనవేలితో నాలుగు మూలలూ రుద్దేది, ఎక్కడా గాలి ఉండకూడదు. ఇంగ్లీషు మాటలకూ ఆమె అదే పద్ధతి పెట్టింది. కొత్త మాట పసుపులో ఉన్నట్టు. బతికున్న మనిషి మీదనో, కళ్ల ముందున్న వస్తువు మీదనో వాడి చూసి కుదిరిందంటే ఆకుపచ్చ. రాసుకోవడాలు లేవు, అంతా నోటిలెక్కే. మాట పలుకుతూ బొటనవేలు అరచేతిలో రుద్దుకుంటోందంటే అది పాసైనట్టు.

ఎక్సాస్పరేటింగ్, అంటే విసుగెత్తించేది, ఇస్నాపూర్ ట్రాఫిక్‌లో పాసైంది. లారీల మధ్య బస్సు ఇరుక్కుని కదలకపోతే పెద్దమ్మ ముందుకు వంగి, "డ్రైవర్ సాబ్, గీ ఇస్నాపూర్ మస్తు ఎక్సాస్పరేటింగ్" అంది. ఆయనకు ఏం అర్థమైందో గానీ, "సహీ బాత్ అమ్మా" అన్నాడు. మెలాంకలీ అంటే దిగులు అని చెప్పీ చెప్పకముందే, "మా ముసలాయన మొగం. పక్కా గ్రీన్" అంది. సెరెండిపిటీ అనే మాటను నేను చాలా ముచ్చటపడి చెప్పాను, అనుకోకుండా మంచిది తటస్థపడటం అని. "మంచిది దొరికితే సప్పుడుజేయక తీస్కోవాలె, మల్ల దానికి పేరెందుకు? ఎర్రది ఎయ్యి" అంది. అది మొదలు ఆ మాట ఎక్కడ కనబడినా నాకు దానిమీద ఎర్ర లేబులే కనిపిస్తుంది.

ఆమెను అన్నిటికంటే సంతోషపెట్టిన మాట సల్క్. అలగడం అని చెప్పాను. పెద్దమ్మ వక్క నమలడం ఆపింది. "అంటే ఇంగ్లీషోళ్లు గూడ అలుగుతరా?"

"అలుగుతరు."

"మూతి ముడుసుకొని, అన్నం తినకుంట?"

"గట్లనే అనుకుంట."

"ఐతే మంచోళ్లే" అంది. ఆ రోజు నుంచి ఆమెకు ఆ భాష మీద గౌరవం పెరిగింది.

ఇట్లా మాటలు చేరుతూనే ఉన్నాయి గానీ కొట్లాట మాత్రం జరగలేదు. ప్రతి సోమవారం బస్సెక్కగానే అడిగేదాన్ని, నిన్న ఏమైందని. "ఏమైతది? నవ్వింది. నేను గూడ నవ్విన" అనేది. ఒక్కోసారి తిట్టడానికి మాట నాలుక మీదికి వచ్చిందట, ఆ పిల్ల మరీ మర్యాదగా చూసేసరికి లోపలికి పోయిందట. నాలుగైదు నెలలు గడిచేసరికి పెద్దమ్మ మొహంలో కళ తగ్గింది. "ఆ పిల్ల నన్ను అత్త అనుకుంటలే బిడ్డా. వాడు తోల్కొస్తే వస్తున్నది. రేపు వాడు బిజీ అయితే ఇగ రాదు" అంది ఒకరోజు. నాకు పాపం అనిపించింది. అప్పటిదాకా ఈ కొట్లాట నాకొక వేడుక. ఆ రోజు అర్థమైంది, ఆమె కోడలిని పోగొట్టుకుంటానేమోనని భయపడుతోందని.

ఆ వారమే శాంపిల్ తీయడానికి స్టోరుకు వెళ్లాను. కొత్త సరుకు వచ్చింది, సంచులన్నీ వరసగా చెక్క పలకల మీద, శుభ్రంగా, కొత్త ప్లాస్టిక్ కప్పి, పసుపు లేబుళ్లతో ఉన్నాయి. పెద్దమ్మ నా కోసం సంచి మూతి విప్పుతోంది. ఊరికే మాట కలిపాను.

"పెద్దమ్మా, ఆదివారం కోడలు వస్తే ఏమేం చేస్తది?"

"ఏం చేస్తది? ఏం చేయనియ్య నేను. ఫ్యాన్ కింద కూసోబెడ్త. కొత్త ప్లేటు తీస్త. గిలాస గూడ కడగనియ్య. వంటింట్లకు రానే రానియ్య, పొగ గదా. పువ్వుల వెట్టి సూసుకుంటున్న."

నాకు ఎదురుగా ఆ సంచులు కనబడుతున్నాయి. అనుకోకుండానే నోట్లోంచి వచ్చేసింది. "అంటే నువ్వే ఆమెకు ఎల్లో లేబుల్ ఏసినవ్ పెద్దమ్మా. మంచిగ కప్పి, పక్కకు వెట్టి, ఎవ్వల్ని ముట్టనిస్తలేవ్. సంచి విప్పకుంట గ్రీన్ ఎట్ల పడ్తది?"

పెద్దమ్మ విప్పిన సంచి మూతి పట్టుకుని అట్లాగే నిలబడింది. ఎక్కువ మాట్లాడానేమోనని భయమేసింది. నేను శాంపిల్ తీసుకుని పోతుంటే వెనక నుంచి అంది, "వంటింట్లకు రానియ్యాలంటవ్." నన్నడిగినట్టు లేదు, తనలో తను అనుకున్నట్టు ఉంది.

సోమవారం ఆమె బస్సెక్కిన తీరు నేను మర్చిపోలేను. చేతిలో పెద్ద టిఫిన్ క్యారేజీ. నోట్లో వక్క లేదు. సీట్లో కూర్చోలేదు, రాడ్డు పట్టుకుని నిలబడే మొదలుపెట్టింది.

"బిడ్డా, కొట్లాడినం."

బస్సంతా ఆమె వైపు తిరిగింది.

కోడలిని వంటింట్లోకి పిలిచి, కోడికూర నువ్వే వండు అందట. ఆ పిల్ల ముందు నమ్మలేదట, తర్వాత సంబరంగా చేతులు కడుక్కుని మొదలుపెట్టిందట. పెద్దమ్మ పక్కకు పోయి కూర్చోవాలా వద్దా? పోలేదు. వెనకే నిలబడింది. ఉల్లిగడ్డ సన్నగా కొయ్యమంది, ఆ పిల్ల లావుగా కోసింది. కారం ఇంకొంచెం అంది, ఆ పిల్ల వెయ్యలేదు. పైగా కొబ్బరి పాలు తీసి కూరలో పొయ్యబోయింది. కోడికూరలో కొబ్బరి పాలు. పెద్దమ్మ గిన్నె మీద చెయ్యి అడ్డం పెట్టింది.

"పెట్టి, యూ ఆర్ ఆబ్స్టినేట్ అన్న. మొండిదానివి అని. ఇగ సూడు, ఆ పిల్ల చెంచా కింద పెట్టింది. నా దిక్కు తిరిగింది. నవ్వలే బిడ్డా. మొదటిసారి నవ్వలే. మొగం ఎర్రగైంది. వంట నన్ను చేయమని నా నెత్తి మీద నిలబడ్తవేందని ఇంగ్లీష్ల లొల్లి వెట్టింది. మస్తు లొల్లి. సగం తెలిసింది, సగం తెలువలే. ఆఖరికి ఏమన్నదో ఎర్కనా? యూ ఆర్ ఇన్‌సఫరబుల్, అమ్మా అన్నది."

ఇన్‌సఫరబుల్ అంటే భరించలేని మనిషి. ఆ మాట పెద్దమ్మ నా దగ్గర అంతకుముందే తీసుకుని, స్టోరులో బొద్దింకల మీద వాడి పాస్ చేసింది. అందుకే వెంటనే అర్థమైంది.

"మా వాడు ఉరుక్కుంట వచ్చిండు, అమ్మా అది గట్ల గాదు, ఆమె అర్థం ఏందంటే అని. నువ్వు ఊకోరా అన్న. నన్ను భరించలేమని అన్నది, నాకు మంచిగ తెలిసింది, నువ్వు బయటికి నడువన్న." అప్పుడు కూర్చుంది పెద్దమ్మ. కూర్చుని నా చెయ్యి గట్టిగా పట్టుకుంది. "ఆంటీ అనలే బిడ్డా. అమ్మా అన్నది. తిట్టుకుంట అమ్మా అన్నది."

వెనక సీట్ల వాళ్లు చప్పట్లు కొట్టారు. డ్రైవర్ ఏమైందని అడిగి, అత్తాకోడళ్లు కొట్లాడుకున్నారని తెలిసి, దానికి ఇంత సంబరమేందని తల పట్టుకున్నాడు. క్యారేజీలో ఉన్నది ఆ కొబ్బరి పాల కోడికూరే. రొట్టె ముక్కతో బస్సంతా తలా కొంచెం తిన్నాం. బాగుంది. పెద్దమ్మ మాత్రం రిటైరయ్యే దాకా ఆ కూర బాగుందని ఒప్పుకోలేదు. ఒప్పుకుంటే ఇంక దేనికి కొట్లాడాలని ఆమె వాదన.

ఆ తర్వాత వాళ్లింట్లో ఆదివారాలు మారిపోయాయి. కొడుకు బిజీగా ఉన్నా కోడలు ఒక్కతే వచ్చేసేది. పోయిన వారం సగంలో ఆగిన కొట్లాట పూర్తి చేయాలిగా. నాకు ఆఫీసరు పోస్టు ఆలస్యంగా వచ్చింది. ఇంటర్వ్యూలో నేను కష్టపడి నేర్చుకున్న ఒక్క మాట కూడా ఎవరూ అడగలేదు. పెద్దమ్మ రిటైరయ్యాక కూడా ఫోన్ చేసేది. "కొత్తది ఏమన్న వచ్చిందా? పాతయన్నీ దానికి అలవాటైనయ్, జోరు తగ్గింది" అనేది. వెనక నుంచి కోడలి గొంతు గట్టిగా ఏదో అంటుండేది. ఆ రెండు గొంతులూ కలిసి వినబడుతుంటే మా అత్త మీద కూడా నాకు కొంచెం ప్రేమ పుట్టుకొచ్చేది. ఇంటికి వెళ్లేదాకా ఉండేది ఆ ప్రేమ.

దినాలకు ఇస్మాయిల్‌ఖాన్‌పేట వెళ్లాను. ఆమె కోడలిని నేను పెళ్లి ఫోటోలో తప్ప చూడలేదు. ఫోన్‌లో వినబడ్డ గొంతు ఇంగ్లీషో తెలుగో ఎప్పుడూ సరిగ్గా తేలలేదు. ఏం మాట్లాడాలో తెలియక, దారిలో ఓదార్పు మాటలు మంచి ఇంగ్లీషులో సిద్ధం చేసుకున్నాను. భోజనాలయ్యాక ఆ పిల్ల వచ్చి నా పక్కన చాప మీద కూర్చుంది. కళ్లు వాచిపోయి ఉన్నాయి. నేను సిద్ధం చేసుకున్నదంతా మెల్లగా, తప్పుల్లేకుండా చెప్పాను. చివరిదాకా వింది.

"అక్కా," అంది, అచ్చం ఇస్మాయిల్‌ఖాన్‌పేట తెలుగులో. "ఇగ నాతోని ఎవలు కొట్లాడ్తరు?"

నేను నేర్చుకున్న మాటల్లో ఒక్కటీ గుర్తురాలేదు. ఏడుపొచ్చేసింది. ఆమె చెయ్యి పట్టుకుని, "నేనున్న గదా. నేను కొట్లాడ్త నీతోని" అన్నాను.

ఆమె కళ్లు తుడుచుకుని నన్ను ఎగాదిగా చూసింది.

"నీతోని కాదక్కా. ఇప్పుడే ఏడుస్తున్నవ్, నువ్వేం కొట్లాడ్తవ్?" అంది. తర్వాత లేచి, ఇంకా భోజనం చెయ్యకుండా మూలన కూర్చున్న మామను లేపి విస్తరి ముందు కూర్చోబెట్టడానికి, కసురుకుంటూ లోపలికి పోయింది.